భద్రంగా దాచిన బతాకాలు

పోయిన వారం సంజీవ్‌ను ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుంది కదా? ఘాలాలో, షంషాద్ బీబీ ఇంటి ముందుగదిలో, సోమవారం సాయంత్రం. చాప మీద పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. సంజీవ్ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఒక్కొక్కరి పేరూ పిలిచి వాళ్ళ బతాకాలు ఆ కవరులో వేయించుకున్నాడు. బతాకా అంటే గుర్తింపు కార్డు. ఒమన్‌లో అది జేబులో లేని మనిషి ఆసుపత్రిలో చీటీ రాయించుకోలేడు, సిమ్ కార్డు కొనలేడు, దారిలో ఎవరైనా ఆపితే తాను ఫలానా అని చెప్పుకోలేడు. అలాంటివి పద్నాలుగు తన చేతిలోకి వచ్చాక సంజీవ్ కవరు మూతి ముడేసి ఇనప బీరువాలో పెట్టించాడు. రూముకి పోయి హాయిగా నిద్రపోయాడు. ఆ హాయి మూడు రాత్రులే సాగింది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. సంజీవ్ నిర్మల్ జిల్లా ఖానాపూర్ వైపు మనిషి. ఒమన్ వచ్చి పంతొమ్మిదేళ్ళు. అందులో పదకొండేళ్ళు ఘాలా లేబర్ క్యాంపులో క్యాంప్ బాస్‌గా చేశాడు, ఇప్పుడు అదే కంపెనీలో స్టోర్ చూస్తున్నాడు. నిరుడు 'జీరాన్' అనే సంస్థ అతణ్ణి ఫెలోగా ఎంచుకుంది. జీరాన్ అంటే ఇరుగుపొరుగు. సూడాన్ నుంచీ, యెమెన్ నుంచీ, సిరియా నుంచీ కొత్తగా వచ్చిన అరబ్బు కుటుంబాలనూ, ఆ వీధుల్లో ఎప్పటినుంచో ఉన్న ముసలివాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టడం, తమ వీధికి కావలసింది తామే అడిగేలా చేయడం ఫెలోల పని. అరబ్బుల మధ్య తెలుగువాడికేం పని అని మీలో కొందరు ఉత్తరాలు రాశారు. అరబ్బీ గడగడా మాట్లాడేవాడు, ఘాలా గోడౌన్ల వెనక ఏ గదిలో ఎవరు దిగారో తెలిసినవాడు, నీళ్ళ ట్యాంకరు రాకపోతే ముసలివాళ్ళు ముందుగా ఫోన్ చేసేది ఇతనికే. అంతకన్నా అర్హత ఏం కావాలి?

ఈ ఆదివారం మునిసిపాలిటీ హాలులో పేట సమావేశం. ఆరోగ్య కేంద్రానికి పోవాలంటే ట్రెయిలర్లు తిరిగే రోడ్డు దాటాలి. దాటడానికి గీతలు లేవు, ఎండకు నీడ లేదు. అక్కడికి వచ్చే అధికారులకు ఆ సంగతి చెప్పాలి. హాలులోకి రావలసినవాళ్ళ కార్డుల కాపీలు ముందుగా పంపమన్నారు. సంస్థ కోఆర్డినేటర్ షీబా, మలయాళీ ఆవిడ, ఫోన్లో ఫోటోలు తీసి పంపితే చాలని స్పష్టంగానే చెప్పింది. మన సంజీవ్ ఫోటోలతో తృప్తిపడే రకమా? అసలు కార్డులే తీసుకున్నాడు.

గురువారం పొద్దున పదిన్నరకు వాళ్ళు మళ్ళీ చేరారు. ఆదివారం ఎవరు ఏం మాట్లాడాలో ఒకసారి అనుకుని చూసుకోవడానికి. ముసలివాళ్ళ తరఫున షంషాద్ బీబీ, కొత్తగా వచ్చినవాళ్ళ తరఫున నాదియా మాట్లాడాలి. బీబీకి డెబ్భైనాలుగేళ్ళు, బలూచీ కుటుంబపు ఒమనీ మనిషి, తన ముందుగదిని అద్దె లేకుండా సంస్థకు ఇచ్చింది. సంజీవ్‌తో హిందీలోనే మాట్లాడుతుంది. నాదియా ఖర్తూంలో బడిపంతులమ్మ, రెండేళ్ళ కిందట యుద్ధం నుంచి బయటపడి ఇక్కడికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం బయట చెప్పులు విడిచి, "ఏం అఖూయ్, బాగున్నావా" అంటూ వచ్చేది. అఖూయ్ అంటే తమ్ముడా, అన్నా అన్నట్టు సూడాన్ వాళ్ళ పిలుపు.

ఆ రోజు చెప్పులతోనే గుమ్మం మీద నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. తన కార్డు ఇమ్మంది.

సంజీవ్ నవ్వుతూ తలూపి, గది మూలనున్న సంస్థ బీరువా దగ్గరికి వెళ్ళాడు. పిడి తిప్పాడు. తాళం. తాళంచెవి పైన వదిలారేమోనని తడిమాడు, లేదు. తాళంచెవి షీబా దగ్గర ఉంటుందని అతనికి తెలుసు, ఆమె రోజూ పదికల్లా వస్తుందనీ తెలుసు. ఈ రోజు ఎందుకు రాలేదో మాత్రం తెలియదు. ఫోన్ చేశాడు. షీబా ఇబ్రిలో ఉంది. అక్కడి ముసలివాళ్ళతో కొత్త బృందం మొదలుపెట్టడానికి తెల్లవారకముందే బయల్దేరిందట. తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది. ఇప్పుడు బయల్దేరినా మూడు గంటలు పడుతుంది.

నాదియాకు మూడు గంటల టైము లేదు. ఆమె తల్లి విజిట్ వీసా రేపటితో అయిపోతుంది. రేపు శుక్రవారం, ఎల్లుండి శనివారం, రెండూ సెలవులే. పొడిగించే కౌంటర్ ఈ రోజు రెండు గంటలకు మూసేస్తారు. కూతురి అసలు కార్డు బల్ల మీద పెడితే తప్ప కాగితం ముట్టుకోరు. తల్లి వెనక్కి పోవాలంటే పోవడానికి ఇల్లు లేదు, ఆ వీధే లేదు. ఇదంతా నాదియా గొంతు పెంచకుండా, తడబడకుండా చెప్పింది. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పింది. 

సంజీవ్ నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"నిన్న ఫోన్ చేసి కార్డు కావాలన్నాను. రేపు ప్రాక్టీసుకి వస్తావుగా, అప్పుడు తీసుకో అన్నావు. ఎందుకు కావాలని నువ్వు అడగలేదు."

నిజమే, అడగలేదు. సంజీవ్ కాపీల సంగతి ఎత్తుకున్నాడు. షాపులో జిరాక్స్ తీయించాలి, పేర్లు సరిచూడాలి, ముసలివాళ్ళకు ఫోన్లో ఫోటో పంపడం రాదు, తన తిప్పలు తనవి అని చెప్పుకుపోయాడు. నాదియా అంతా విని, కాపీలు ఏ రోజు తీయించావని అడిగింది. సోమవారమే అన్నాడు. మరి మంగళవారం మా కార్డులు మాకెందుకు ఇవ్వలేదు అంది.

 సంజీవ్‌కు అబద్ధం దొరకలేదు. దొరికితే చెప్పేవాడేమో, అంత మంచివాడని నేను అనను. పదకొండేళ్ళు క్యాంపులో చేసిన పని ఇదే. మూడు వందల మంది కార్డులు తన బీరువాలో. మీటింగ్ అన్నా, మెడికల్ అన్నా, కార్డు బాస్ దగ్గరుందంటే ఒక్కడు కూడా ఎగ్గొట్టడు, బస్సు టైముకి అందరూ గేటు దగ్గరుంటారు. అది బెదిరింపని అతనికి ఎప్పుడూ తోచలేదు. మనుషుల్ని ఒకచోటికి చేర్చడానికి అతను నేర్చిన పద్ధతి అదొక్కటే.

"కార్డు నా దగ్గరుంటే ఆదివారం అందరూ తప్పకుండా వస్తారనుకున్నాను," అన్నాడు.

చాప మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు ఇంకొకరి ముఖం చూశారు. ఒక ముసలాయన నెమ్మదిగా తన తలపాగా సరిచేసుకున్నాడు. షంషాద్ బీబీ మాత్రం సంజీవ్ మీదినుంచి చూపు తిప్పలేదు.

"మా అంతట మేం రామనుకున్నావా, ముదీర్?" అంది నాదియా. ముదీర్ అంటే మేనేజరు. ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళ అఖూయ్ పోయింది. సంజీవ్‌కు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

అప్పుడు చెప్పింది ఆమె ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట. ఖర్తూం నుంచి బయటపడ్డ రోజు వాళ్ళ బస్సును దారిలో ఆపారు. తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ళు ఎక్కారు. వాళ్ళలో ఒకడు ఖాళీ పిండి సంచి పట్టుకుని అందరి కార్డులూ అందులో వేయమన్నాడు. ఏమీ కాదు, చూసి ఇచ్చేస్తాం అన్నాడు, మర్యాదగానే అన్నాడు. తర్వాత కిందికి దిగి సంచిలోంచి ఒక్కో కార్డూ తీసి పేర్లు పిలిచారు. పేరు పిలిచినవాళ్ళు దిగాలి.

"నాలుగో పేరు మా తమ్ముడిది. బస్సు కదిలేదాకా దిగినవాళ్ళెవరూ ఎక్కలేదు. సోమవారం నువ్వు కవరు పట్టుకుని నా పేరు పిలిచినప్పుడు నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. కార్డు వేశాను. మూడు రాత్రులుగా నేను నిద్రపోలేదు."

 సంజీవ్ తన రెండు చేతులనూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు, మళ్ళీ విడిచాడు. నాకు ఎవరి మీదా చెడు ఉద్దేశం లేదు అని చెప్పబోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే అదే మాట ఒకప్పుడు అతనికి ఒకడు చెప్పాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట, వచ్చిన మొదటి ఏడాది, రుసైల్లో ఒక ఫ్యాక్టరీలో పని. ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. ఊళ్ళో అతని భార్య దేవవ్వకు నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చూడాలంటే వచ్చెయ్ అని కబురు. పాస్‌పోర్టు ఉన్న బీరువా తాళంచెవి కంపెనీ వీసా కాగితాలు చూసే పీఆర్వో దగ్గర ఉంది, పీఆర్వో సెలవులో ఉన్నాడు. వచ్చాక, నాకేం చెడు ఉద్దేశం లేదు తమ్మీ, భద్రం కోసమే పెట్టినం అన్నాడు. బిడ్డ పదకొండు రోజులు బతికింది. సంజీవ్ చేతికి పాస్‌పోర్టు పద్నాలుగో రోజున వచ్చింది. ఆ పీఆర్వోను అతను జన్మలో క్షమించలేదు. ఇప్పుడు ఈ గదిలో, ఇంతమంది ముందు, ఆ పీఆర్వో తానేనని అతనికి అర్థమైంది.  నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

టైము పదకొండు దాటింది. మళ్ళీ షీబాకు ఫోన్ చేశాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.  అసలు కార్డులా, నేను ఫోటోలు కదా అడిగింది, ఆ కవరులో ఏవో కాగితాలున్నాయన్నారు కదా అంది షీబా. బీరువా తాళం పగలగొడతానన్నాడు. షీబా వద్దంది. ఆ బీరువాలో నూట ఇరవై కుటుంబాల వివరాలున్నాయి, ఎవరు ఎక్కడినుంచి పారిపోయి వచ్చారో అన్నీ రాసి ఉన్నాయి, వాటికి తాను సంతకం పెట్టింది. తాళం తెగిందంటే రేపు జవాబు చెప్పాల్సింది తాను. "మీరు ముట్టుకుంటే ఫెలోషిప్ ఇక మీకు ఉండదు సంజీవ్ భాయ్. నేను కాపాడలేను," అని ఖచ్చితంగా చెప్పి, వెంటనే బయల్దేరుతున్నానంది.

ఫోన్ పెట్టేశాక సంజీవ్ బీరువా వంకే చూస్తూ నిలబడ్డాడు. ఈ ఫెలోషిప్ అతనికి చిన్న సంగతి కాదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి తన మెళ్ళో వేలాడే కార్డు మీద కంపెనీ పేరు లేకుండా తన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ ఫోటో దేవవ్వకు పంపితే ఆమె ఊళ్ళో పదిమందికి చూపించింది. అది పోతుంది. పోనీ అని అంత తేలిగ్గా అనుకోలేకపోయాడు. ఒక్క నిమిషం ఆగాడు. ఆ నిమిషం కూడా నాదియా వాళ్ళమ్మ టైములోదే.

తర్వాత ఇక్బాల్‌కు ఫోన్ చేశాడు. ఇక్బాల్ కడప మనిషి, మూడు సందుల అవతల గ్యారేజీలో వెల్డరు.

"ఇక్బాల్, కోసే మిషిన్ పట్టుకొని బీబీ ఇంటికి రా. బీరువ తాళం కొయ్యాలె."

"ఎవురిది అన్నా బీరువా? మనది కానిది కోసినామంటే రేపు నా మెడకు సుట్టుకుంటాది."

"నా పేరు చెప్పు. కోయమన్నది నేనే అని చెప్పు. జల్ది రా తమ్మీ, ఒకామెకు టైం లేదు."

ఇక్బాల్ పికప్‌లో పది నిమిషాల్లో వచ్చాడు. బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మిషన్ ప్లగ్గు కోసం చూస్తుంటే షంషాద్ బీబీ చేయెత్తి ఆపింది. ఇల్లు తనది, కరెంటు తనది, అయినా బీరువా తనది కాదు అంది. దీనికి రేపు ఎవరు జవాబు చెబుతారో ఇప్పుడే, ఇందరి ముందు చెప్పమంది.

"నేనే చెబుతాను బీబీ. కార్డులు తీసుకున్నది నేను, ఇవ్వకుండా పెట్టింది నేను, తాళం కోయించేది నేను," అన్నాడు సంజీవ్. అదే మాట ఫోన్లో రికార్డు చేసి షీబాకు పంపాడు. అప్పుడు బీబీ తానే లేచి గోడకున్న ప్లగ్గు చూపించింది.

చక్రం ఇనుముకు తగలగానే గది దద్దరిల్లింది. నిప్పురవ్వలు ఎగిరాయి. ఆడవాళ్ళు ముసుగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. నాలుగు నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుంది. పై అరలో ఫైళ్ళు, కింది అరలో కవరు. ఫైళ్ళ వైపు ఎవరూ చూడకుండా సంజీవ్ తన భుజం అడ్డం పెట్టి, కవరు ఒక్కటే తీసి, తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

ముడి విప్పి చేయి లోపల పెట్టాడు. చేతికి తగిలిన మొదటి కార్డు తీసి పేరు చదవడానికి నోరు తెరిచాడు. ఎదురుగా నాదియా. ఆమె కళ్ళు అతని చేతి మీద ఉన్నాయి. సంజీవ్ నోరు మూసుకున్నాడు. ఆ కార్డును తిరిగి కవరులో వేసి, వంగి, కవరు మొత్తం చాప మీద బోర్లించి వెనక్కి జరిగాడు. ఎవరిది వాళ్ళు వెతుక్కున్నారు. ముసలివాళ్ళకు పక్కవాళ్ళు చూసి పెట్టారు. ఒక్క పేరూ బయటికి వినపడలేదు.

నాదియా తన కార్డు తీసుకుని, రెండు వైపులా చూసి, బ్యాగు లోపలి జేబులో పెట్టుకుని జిప్ వేసింది. ఆమెను కౌంటర్‌కు తీసుకుపోవడానికి ఇక్బాల్ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది.

"ఆదివారం నేను వస్తానో రానో నన్ను అడగకు. రావాలనిపిస్తే వస్తాను."

అడగనన్నట్టు సంజీవ్ తలూపాడు. 

ఆ తర్వాత ప్రాక్టీసు మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళిపోతారేమో అనుకున్నాడు, వెళ్ళలేదు కూడా. షంషాద్ బీబీ కహ్వా, అదే అరబ్బు కాఫీ, తెప్పించింది. అందరికీ చిన్న కప్పుల్లో పోశారు, సంజీవ్‌కూ పోశారు. అతను బీరువాకు ఆనుకునే నిలబడి తాగాడు. ఒంటిగంటా ఇరవైకి ఇక్బాల్ నుంచి కబురు వచ్చింది. కౌంటర్లో కాగితాలు తీసుకున్నారు. నాదియా తల్లికి గడువు దొరికింది. బీబీ దేవుడికి చేతులెత్తింది. సంజీవ్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఫెలోషిప్ పోతే పోనీ అని ఈసారి మనసారా అనుకోగలిగాడు.

కప్పులు తీస్తున్న పిల్ల చాప మడవబోయి ఆగింది. అంచు కింద ఒక కార్డు ఉండిపోయింది.

సంజీవ్ తీసి చూశాడు. అబూ సాలెంది. యెమెన్ నుంచి వచ్చి రుసైల్ గోడౌన్లో పనిచేసే కొడుకు దగ్గర ఉంటున్న డెబ్భైయేళ్ళ ముసలాయన. ఈ రోజు రాలేదని ఇంత గొడవలో ఎవరూ గమనించలేదు. కొడుక్కి అన్నం పట్టుకుని పొద్దున్నే బస్సెక్కడం చూశానని పక్కింటాయన అన్నాడు. కార్డు లేకుండానా అంది బీబీ. ఆ ప్రశ్నకు జవాబు సంజీవ్ చేతిలోనే ఉంది.

వెంటనే ఫోన్ కలిపాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది అబూ సాలెం కాదు. నింపాదిగా, మర్యాదగా ఒక గొంతు సలాం చెప్పి, రుసైల్ రోడ్డు మీద పోలీసు తనిఖీలో ఉన్నామంది. ముసలాయన క్షేమంగానే ఉన్నాడు, నీడలో కుర్చీ వేశాం, మంచినీళ్ళిచ్చాం, కానీ పొద్దున్నించీ బతాకా చూపించలేకపోతున్నాడు అంది.

"సంజీవ్ అనే అతని దగ్గర భద్రంగా ఉందని నవ్వుతూ చెబుతున్నాడు. మీరేనా?"

"నేనే సార్. నా తప్పే. ఇప్పుడే తీసుకొస్తున్నాను."

"రండి. వచ్చేటప్పుడు మీ బతాకా కూడా తీసుకురండి. వేరేవాళ్ళ కార్డు మీ దగ్గర ఎందుకుందో రాసుకోవాలి."

సంజీవ్ సరేనని, అలవాటు కొద్దీ చొక్కా జేబులో చేయి పెట్టాడు. జేబు ఖాళీ. పోయిన ఆదివారం కంపెనీ పీఆర్వో ఏదో ఇన్సూరెన్సు పని అని స్టోర్ స్టాఫ్ అందరి బతాకాలూ అడిగాడు. అడిగిందే తడవుగా తీసి ఇచ్చేశాడు. ఎందుకనీ అడగలేదు, ఎప్పుడిస్తావనీ అడగలేదు.